పాత డీజిల్ కారు – తుప్పు పరీక్ష

మానవ నాగరికతా వికాసంలో ఇనుము వహించిన పాత్రను గూర్చి చరిత్ర విద్యార్థులకు విడమరచి చెప్పనవసరం లేదు. నాగలి కర్రు మొదలు రైలు పట్టా వరకు, కుట్టు సూది మొదలు వంతెన దూలం వరకు దాని ఉపకారం పొందని వృత్తి లేదు. ఐతే ఇంతటి బలిష్ఠమైన లోహానికి పుట్టుకతోనే ఒక శత్రువు ఉన్నది. దానిని మన పూర్వులు త్రుప్పు అన్నారు. మనం తుప్పు అంటున్నాము. మన ఉర్దూ విభాగంలోని మిత్రులు దీనినే జంగ్ అంటారు. తెలంగాణ పల్లెలలో మతభేదం లేకుండా ‘జంగు పట్టింది’ అనే మాట వినిపిస్తుంది. ఉర్దూ లిపిలో తుప్పుకు, యుద్ధానికి అక్షరాలు వేరు. తెలుగు లిపిలో వ్రాసినప్పుడు మాత్రం రెండూ జంగే. ఇనుముకు, నీటికి, గాలికి మధ్య నిరంతరం జరిగే పోరాటమే తుప్పు గనుక, ఆ కలయిక కూడ ఒక విధంగా సార్థకమే.

తెలుగు పాఠాలు చెప్పుకొనే మాకు కార్ల విషయం ఏల అని పాఠకులు శంకించవచ్చును. మన విద్యార్థులలో పలువురి తండ్రులు, అన్నలు మెకానిక్ షెడ్లలోను, టింకరింగ్ పనులలోను, డ్రైవర్లుగాను జీవిస్తున్నారు. పట్టా పుచ్చుకొన్న తరువాత ఉద్యోగం వెంటనే దొరకక, పాత డీజిల్ కారు ఒకటి కొని బాడుగకు నడుపుకొందామని మా వద్దకు సలహాకు వచ్చేవారు ఏటా ఇద్దరు ముగ్గురైనా ఉంటున్నారు. వారికి చెప్పవలసినది మాకు పుస్తకాల వలన గాక, మా ఇంటిలో జరిగిన ఒక నష్టం వలన తెలిసింది. కావున ముందుగా దానిని చెప్పి, ఆ పిదప విషయంలోకి వస్తాము.

ఒక అనుభవం

2004వ సంవత్సరం. మేము అప్పటికి ఉన్నత పాఠశాల విద్యార్థులము. మా మామూ, అనగా మా తల్లిగారి తమ్ముడు, ఇరవై ఏళ్లు ఇతరుల కార్లు నడిపి, చివరకు సొంత కారు కొనదలచారు. కూడబెట్టిన సొమ్ము చాలక మా మామీ చేతి గాజులు అమ్మవలసి వచ్చింది. సముద్ర తీరాన ఉన్న ఒక పట్టణంలో 1989 నాటి డీజిల్ అంబాసిడర్ అమ్మకానికి ఉన్నదని తెలిసి, మమ్ములను కూడ వెంట తీసుకొని వెళ్లారు.

కారు పాలవలె తెల్లగా మెరుస్తున్నది. తాళం త్రిప్పగానే ఇంజను పలికింది. మామూ బానెట్ ఎత్తి, కండ్లు మూసుకొని, వైద్యుడు నాడి చూచినట్లు చాలసేపు ఆ చప్పుడు విన్నారు. పొగ చూచారు, ఆయిల్ చూచారు, గేర్లు మార్చి చూచారు. ‘ఇంజను వజ్రంలా ఉంది బాబూ’ అన్నారు. బేరం కుదిరింది. ఆ రోజున కారు క్రిందికి వంగి చూచినవారు ఎవ్వరూ లేరు.

మొదటి వర్షాకాలం గడిచింది. ఒకనాడు వృద్ధ దంపతులను ఆసుపత్రికి తీసుకొని వెళుతుండగా, వేగనిరోధకం వద్ద వెనుకవైపు పెద్ద చప్పుడయింది. వెనుక చక్రాల కమాను కట్టను బాడీకి పట్టి ఉంచే భాగం రేకుతో సహా ఊడి వచ్చింది. బండి నెమ్మదిగా పోతున్నది గనుక ఎవరికీ ప్రాణాపాయం కలుగలేదు. టింకరింగ్ షెడ్డులో ఉస్తాద్ కాళ్ల క్రింది మ్యాటు పైకి లాగి, బొటనవ్రేలితో నొక్కాడు. వ్రేలు నేలలోనుండి దిగి అవతల కనిపించింది. ‘భాయ్, గుండె చూసి కొన్నావు, ఎముకలు చూడలేదు’ అని మాత్రం అన్నాడు.

అతుకులు వేయించటానికి అయ్యే ఖర్చు కారు ధరను మించింది. చివరకు ఇంజను విడిగాను, మిగిలినది పాత ఇనుప సామాను వారికి తూకానికీ అమ్ముడుపోయాయి. ఆ ఇంజను మరొక కారులో చాల సంవత్సరాలు నడిచినదని విన్నాము. మామూ మరల ఇతరుల కార్లు నడపటానికి వెళ్లారు. మామీ చేతికి గాజులు తిరిగి రాలేదు.

ఈ అనుభవంలో ఉన్న పాఠం ఒక్కటే. డీజిల్ ఇంజను తన బాడీ కంటె ఎక్కువ కాలం బ్రతుకుతుంది; కావున పాత డీజిల్ కారు కొనేవారు ఇంజను చప్పుడుకు మురిసిపోక, ముందుగా ఇనుమును పరీక్షించవలెను.

తుప్పు ఎట్లు పుట్టును?

ఇనుము, నీరు, గాలిలోని ఆక్సిజన్ – ఈ మూడూ కలిసిన చోట తుప్పు పుడుతుంది. ఇనుప రేకు మీద నీటి బొట్టు నిలిచినప్పుడు అక్కడ ఒక చిన్న బ్యాటరీ ఏర్పడినట్లవుతుంది. ఒకచోట ఇనుము తన ఎలక్ట్రానులను కోల్పోయి నీటిలో కరుగుతుంది. ప్రక్కనే మరొకచోట ఆక్సిజన్, నీరు ఆ ఎలక్ట్రానులను గ్రహిస్తాయి. ఈ చర్యల ఫలితంగా ఎర్రని పొడి వంటి ఐరన్ ఆక్సైడు తయారవుతుంది. వాన పడనవసరం లేదు. గాలిలోని తేమ సుమారు 60 శాతం దాటినా చాలు, ఈ చర్య వేగం పుంజుకొంటుంది. ఆ నీటిలో ఉప్పు కలిసినచో విద్యుత్తు సులభంగా ప్రవహిస్తుంది గనుక వినాశనం మరింత త్వరితమవుతుంది.

అల్యూమినియం మీద ఏర్పడే పొర దట్టంగా అతుక్కొని లోపలి లోహాన్ని కాపాడుతుంది. ఇనుప తుప్పునకు ఆ గుణం లేదు. అది గుల్లగా ఉండి, తేమను పీల్చి పట్టి ఉంచుతుంది. పైగా అది తాను పుట్టిన ఇనుము కంటె రెండు మొదలు ఆరింతల చోటు ఆక్రమిస్తుంది. అందువలననే పెయింటు క్రింద తుప్పు పట్టినప్పుడు పైన పొక్కులు లేస్తాయి. రెండు రేకులు కలిసిన అతుకులో పట్టినప్పుడు ఆ అతుకు ఉబ్బి విచ్చుకొంటుంది.

ఢిల్లీలోని ఇనుప స్తంభం సుమారు పదహారు వందల ఏళ్లుగా ఎండకు వానకు నిలిచి ఉన్నది గదా అని విద్యార్థులు అడుగుతుంటారు. ఆ ఇనుములో భాస్వరం పాలు ఎక్కువ; దాని మూలంగా పైన ఒక రక్షక పొర ఏర్పడినదని లోహ శాస్త్రజ్ఞులు నిర్ణయించారు. పైగా అది ఆరు టన్నులకు మించిన ఘన స్తంభం. కారు రేకు మందమో, ఒక మిల్లీమీటరుకు అటు ఇటుగా ఉంటుంది. దానికి రక్షణ పెయింటు పూత మాత్రమే. ఇటీవలి కార్లలో జింకు పూత గల రేకుల వాడకం పెరిగినది గాని, పాత కార్లకు ఆ భాగ్యం తక్కువ.

డీజిల్ కారు విషయంలో విశేషమేమి?

తుప్పునకు పెట్రోలు, డీజిలు అనే పక్షపాతం లేదు. ఐనను డీజిల్ కారును మరింత జాగ్రత్తగా చూడవలసి రావటానికి కారణాలు ఉన్నాయి.

మొదటిది, డీజిల్ కారును కొనేవారు సాధారణంగా ఎక్కువ దూరం తిరగటానికే కొంటారు. పదేళ్లలో అది త్రొక్కిన బురద, దాటిన వాగులు పెట్రోలు కారు కంటె అధికం. రెండవది, డీజిల్ ఇంజను బరువైనది, దాని అదురు ఎక్కువ. తుప్పు తిని పలుచబడిన రేకు ఆ అదురుకు త్వరగా బీటలు వారుతుంది. మూడవది, ఇంజను దీర్ఘాయుష్మంతం కావటమే. లక్షల కిలోమీటర్లు తిరిగి కూడ చక్కగా పలుకుతుంది గనుక, బాడీ శిథిలమైన కారును సైతం యజమాని ధైర్యంగా అమ్మకానికి పెట్టగలడు.

ఇంకొక వింత కూడ కలదు. పాత డీజిల్ ఇంజనులు తరచుగా ఆయిల్ కారుస్తాయి. ఆ ఆయిల్ గాలికి వెనుకకు చిమ్మి, ముందు భాగం అడుగున జిడ్డు పొరగా పేరుకొంటుంది. ఆ జిడ్డు ఇనుమును కాపాడుతుంది. ముందు వంగి చూచినవాడు అంతా బాగున్నదని లేస్తాడు. ఆ ఆయిల్ చేరని వెనుక భాగంలో తుప్పు తన పని తాను చేసుకొంటూ ఉంటుంది. కావున అడుగు భాగాన్ని ఈ చివర నుండి ఆ చివర వరకు చూడనిదే చూచినట్లు కాదు.

కారు పుట్టుపూర్వోత్తరాలు

పెండ్లి సంబంధానికి వంశం విచారించినట్లే, కారుకు అది తిరిగిన ఊరు విచారించవలెను. నంబరు పలక ఇందుకు కొంత తోడ్పడుతుంది. ఉమ్మడి ఆంధ్ర ప్రదేశ్‌లో ఏపీ 31 విశాఖపట్నానికి, ఏపీ 05 తూర్పు గోదావరికి, ఏపీ 26 నెల్లూరుకు, ఏపీ 21 కర్నూలుకు, ఏపీ 02 అనంతపురానికి సంకేతాలు. ఆంధ్ర ప్రదేశ్‌లో 2019 నుండి అన్ని జిల్లాలకు ఏపీ 39 అనే ఒకే సంకేతం వచ్చింది గనుక, తరువాతి కార్ల విషయంలో ఆర్.సి.లోని చిరునామాయే ఆధారం.

విశాఖ, కాకినాడ, మచిలీపట్నం వంటి తీర ప్రాంతాలలో ఉప్పు గాలి నిత్యం వీస్తుంది. చేపలు, రొయ్యలు మోసిన బండ్లలో ఐసు కరిగిన ఉప్పునీరు నేలమీద కారి, సందులలో నిలుస్తుంది. అటువంటి బండి లోపలి నుండే క్షీణిస్తుంది. కర్నూలు, అనంతపురం వంటి పొడి ప్రాంతాల కార్లకు తుప్పు తక్కువ. ఐతే అచ్చటి ఎండకు అద్దాల చుట్టూ ఉండే రబ్బరు బీడింగు పగిలి, పడిన కొద్దిపాటి వాననీరే లోపలికి దిగుతుంది. ఊరు మంచిదైనంత మాత్రాన పరీక్ష మానరాదు.

వరదలో మునిగిన కారును గుర్తించటం మరింత ముఖ్యం. 2015 డిసెంబరులో చెన్నైలోను, 2020 అక్టోబరులో హైదరాబాదులోను, 2024 సెప్టెంబరులో బుడమేరు వరద వచ్చినప్పుడు విజయవాడలోను అసంఖ్యాకంగా కార్లు నీట మునిగాయి. అట్టివి కడిగి, తుడిచి, దూర ప్రాంతాలలో అమ్మకానికి రావచ్చును. సీటు బెల్టును చివర వరకు బయటికి లాగి చూడండి. మునిగిన కారైతే ఆ చివర బురద చారిక కనిపిస్తుంది. సీట్ల క్రింది బోల్టులు, డ్యాష్‌బోర్డు వెనుక ఇనుప పట్టీలు సాధారణంగా నీరు తగలని చోట్లు; అక్కడ తుప్పు ఉంటే కారణం అడగవలెను.

పరీక్షకు సన్నాహం

పగటిపూట, కడిగి ఆరిన కారును మాత్రమే చూడవలెను. తడి రేకు మీద, సాయంకాలపు వెలుగులో ప్రతి కారూ అందంగానే ఉంటుంది. వెంట తీసుకొని వెళ్లవలసినవి నాలుగే: ఒక టార్చిలైటు, ఒక చిన్న అయస్కాంతం, ఒక స్క్రూ డ్రైవరు, పాత బట్ట. వీటితోపాటు నిదానం కూడ అవసరం. ‘మధ్యాహ్నానికి మరొకరు వచ్చి కొనుక్కొని పోతారు’ అని తొందరపెట్టే అమ్మకందారు మాట చెవిని పెట్టరాదు.

పైభాగం

ముందుగా కారు ప్రక్కన కూర్చొని, రేకు పొడుగునా ఏటవాలుగా చూడండి. నీడలు అలలు అలలుగా వంకర పోయిన చోట లప్పం ఉన్నదని గ్రహించాలి. పెయింటు క్రింద ఆవగింజలంత పొక్కులు ఉన్నచో అవి లోపలి నుండి వచ్చినవి. పైన కనిపించేది చిటికెడు, లోపల ఉన్నది చారెడు. అయస్కాంతానికి పలుచని బట్ట చుట్టి, మడ్‌గార్డుల అంచులు, తలుపుల అడుగు భాగం, తలుపుల క్రింద పొడవుగా ఉండే రన్నింగ్ బోర్డు వెంట జరపండి. ఇనుము ఉన్నచోట అది పట్టుకొంటుంది. లప్పమో, ఫైబరు అతుకో ఉన్నచోట జారిపోతుంది. ప్లాస్టిక్ బంపర్లకు ఈ పరీక్ష వర్తించదని వేరుగా చెప్పనక్కరలేదు.

తలుపు తెరచి దాని అడుగు అంచును చేతితో తడమండి. తలుపులోనికి దిగిన వాననీరు పోవటానికి అక్కడ చిన్న రంధ్రాలు ఉంటాయి. అవి మట్టితో మూసుకొనిపోతే నీరు తలుపులోనే నిలిచి రేకును తింటుంది. రంధ్రాలు తెరచి ఉన్న కారును యజమాని శ్రద్ధగా చూచుకొన్నాడని భావించవచ్చును. అద్దాల రబ్బరు మీద, తలుపు కీళ్ల మీద కొత్త పెయింటు తుంపరలు కనిపిస్తే ఇటీవల రంగు వేయించారన్నమాట. రంగు వేయించటం తప్పు కాదు. ఎందుకు వేయించారో అడగకపోవటం మన తప్పు.

బానెట్ ఎత్తినప్పుడు ఇంజనుతోపాటు బ్యాటరీ పెట్టిన తట్టను కూడ చూడవలెను. ఆమ్లం చిమ్మి ఆ తట్ట, దాని క్రింది రేకు చిల్లులు పడటం సర్వసాధారణం. ఇటీవలి కార్లలో ముందు సస్పెన్షన్ పైకొన బిగించిన గుమ్మటం వంటి భాగాలు రెండు ప్రక్కలా ఉంటాయి. వాటి చుట్టూ బీటలు గాని, పొరలు గాని ఉంటే అక్కడితో పరీక్ష ముగించి ఇంటికి రావచ్చును.

లోపలి భాగం

మన దేశంలో కార్ల నేలకు ప్లాస్టిక్ మ్యాటు అంటించి వేసే అలవాటు ఉన్నది. దాని క్రింది స్పాంజిలో నీరు చేరితే నెలల తరబడి ఆరదు. పైన పొడిగా, శుభ్రంగా ఉంటుంది. క్రింద రేకు కుళ్లిపోతుంది. మా మామూ కారులో జరిగినది ఇదే. కావున యజమాని అనుమతి తీసుకొని నాలుగు మూలలా మ్యాటు ఎత్తి చూడవలెను. ఎత్తనీయనని పట్టుబట్టేవాని కారు కొనకపోవటమే మేలు. ముక్కు కూడ ఒక పరికరమే. తలుపు తెరవగానే బూజు వాసన వచ్చినచో ఎక్కడో నీరు నిలిచినదని అర్థం. ఏ.సి. గల కార్లలో ఆ నీరు బయటికి పోయే గొట్టం పూడిపోతే, ముందు సీటు కాళ్ల దగ్గర నేల నిత్యం తడిగా ఉంటుంది.

సీటు బెల్టులు బిగించిన చోట్లు, సీట్ల కాళ్లు బిగించిన చోట్లు గట్టిగా ఉన్నవో లేవో లాగి చూడవలెను. ప్రమాద సమయంలో మనిషిని పట్టి ఉంచేది బెల్టు కాదు, బెల్టును పట్టి ఉంచే రేకు. డిక్కీలోని మ్యాటు తీసి, స్టెప్నీ పెట్టే గుంట ఉన్న కార్లలో చక్రం బయటికి తీసి అడుగు చూడండి. దీపాల రబ్బర్ల నుండి, డిక్కీ మూత అంచుల నుండి కారిన నీరు చివరకు చేరేది అక్కడికే.

అడుగు భాగం

ఇది పరీక్షలో ప్రధానమైన అంకం. జాకీ మీద ఎత్తిన కారు క్రిందికి ఎన్నడూ దూరరాదు. తుప్పు పట్టిన కారు విషయంలో జాకీ ఆనించే చోటే కూలిపోవచ్చును. కొద్దిపాటి రుసుము చెల్లించి, సర్వీసింగ్ షెడ్డులోని ర్యాంపు మీదకు ఎక్కించి చూడటం క్షేమం.

కార్ల నిర్మాణం ప్రధానంగా రెండు విధాలు. అంబాసిడర్, ప్రీమియర్ పద్మిని, టాటా ఇండికా, మారుతి స్విఫ్ట్ వంటి వాటికి వేరుగా ఛాసిస్ ఉండదు. రేకులను పెట్టెవలె అతికి చేసిన బాడీయే సమస్త భారాన్ని మోస్తుంది. వీటిలో రన్నింగ్ బోర్డులు, నేల, దాని అడుగున పొడవుగా పోయే పెట్టె దూలాలు, కమాను కట్టలు గాని స్ప్రింగులు గాని తగిలించే స్థానాలు ప్రాణస్థానాలు. టాటా సుమో, మహీంద్రా బొలేరో, టయోటా క్వాలిస్ వంటి వాటికి నిచ్చెన ఆకారంలో ఛాసిస్ వేరుగా ఉండి, బాడీ దాని మీద బోల్టులతో కూర్చొంటుంది. వీటిలో నేల రేకు కొంత తుప్పు పట్టినా మార్చుకోవచ్చును. ఛాసిస్ పట్టాలు, వాటిని కలిపే అడ్డ దూలాలు మాత్రం చెడిపోకూడదు. పైకి గట్టిగా కనిపించే ఆ పట్టాల లోపల బురద చేరి, లోపలి నుండి తినివేయటం కద్దు.

స్క్రూ డ్రైవరు పిడితో తట్టుకొంటూ పోవలెను. మంచి ఇనుము కంచు గిన్నెవలె ఖంగున పలుకుతుంది. తుప్పు తిన్నది, లప్పం పూసినది మట్టికుండ బీట వారినట్లు బొదబొదమంటుంది. అనుమానం కలిగిన చోట యజమాని సమ్మతితో మొనతో నొక్కి చూడవచ్చును. దిగబడితే దానిని మించిన సాక్ష్యం లేదు. అడుగంతా కొత్తగా నల్లని పూత పూసి ఉన్న పాత కారును చూచి సంతోషించరాదు, అనుమానించవలెను. శుభ్రమైన ఇనుము మీద పూసిన పూత రక్షణ. తుప్పు మీద పూసిన పూత ముసుగు. అది తేమను లోపలే బంధించి మరింత హాని చేస్తుంది.

బ్రేకు ఆయిల్ పోయే ఇనుప గొట్టాలు వెనుక చక్రాల వరకు అడుగుననే పోతాయి. వాటి మీద పొలుసులు లేచి ఉంటే వెంటనే మార్చవలసినదే. ఇది పెద్ద ఖర్చు కాదు గాని, నిర్లక్ష్యం చేస్తే ప్రాణాంతకం.

డీజిల్ ట్యాంకు, రేడియేటరు

డీజిల్ కంటె నీరు బరువైనది గనుక ట్యాంకు అడుగున చేరుతుంది. ఇనుప ట్యాంకైతే అక్కడ తుప్పు పుట్టి, ఆ రేణువులు డీజిల్‌తోపాటు ప్రయాణిస్తాయి. డీజిల్ పంపు, ఇంజెక్టర్లలోని భాగాల మధ్య ఖాళీ మిల్లీమీటరులో వెయ్యో వంతుల లెక్కలో ఉంటుంది. ఫిల్టరును దాటి ఒక్క రేణువు లోపలికి పోయినా గీతలు పడతాయి. మంచిదనుకొన్న ఇంజనుకు కూడ ఈ దారిన తుప్పు ముప్పు తెస్తుంది. ఫిల్టరు అడుగున నీరు తీసే మర ఉన్నచో, మెకానిక్ చేత విప్పించి కొద్దిగా గాజు గ్లాసులో పట్టించండి. అడుగున నీటి పొర, ఎర్రని మడ్డి కనిపిస్తే ట్యాంకు విప్పి కడిగించే ఖర్చును బేరంలో లెక్కించాలి.

ఇంజను పూర్తిగా చల్లారి ఉన్నప్పుడు మాత్రమే రేడియేటరు మూత విప్పి చూడండి. నీరు ఇటుక రంగులో ఉంటే, కూలెంటు పోయకుండ ఏళ్ల తరబడి వట్టి నీళ్లే పోశారన్నమాట. పోత ఇనుప ఇంజను లోపల తుప్పు చేరినదని, నీటి దారులు పూడుకొంటున్నవని దాని అర్థం.

ఏది సహించవచ్చును, ఏది సహించరాదు?

తుప్పు లేని పాత కారు కావలెనంటే దొరకదు. కావున తుప్పును మూడు తరగతులుగా విభజించుకొనటం మంచిది.

మొదటిది పై తుప్పు. బట్టతో తుడిస్తే ఎర్రని పొడి అంటుతుంది. క్రింద ఇనుము గట్టిగా ఉంటుంది. ఆక్సిల్, సైలెన్సరు, బోల్టుల మీద ఇది సహజం. గీకి, ప్రైమరు, రంగు వేస్తే చాలు. దీనికి భయపడి మంచి కారును వదలుకొనరాదు.

రెండవది పొరల తుప్పు. అప్పడం పొరలవలె ఊడి వస్తుంది. తలుపులు, మడ్‌గార్డులు, డిక్కీ మూత వంటి భారం మోయని చోట్ల ఉంటే ధర తగ్గించి తీసుకొనవచ్చును. భారం మోసే చోట్ల ఉంటే నమ్మకమైన టింకరుకు చూపించనిదే బేరం మాట్లాడరాదు.

మూడవది చిల్లు తుప్పు. భారం మోయని తలుపునకు చిల్లు పడితే తలుపు మార్చవచ్చును. కాని పెట్టె దూలంలో, ఛాసిస్ పట్టాలో, స్ప్రింగు పట్టే చోట, సీటు బెల్టు బిగించిన చోట చిల్లు ఉన్న కారును ఉచితంగా ఇచ్చినా తీసుకొనరాదు. చిల్లు మీద రేకు ముక్క పెట్టి వెల్డింగు చేయటం చినిగిన చొక్కాకు అతుకు వేయటం వంటిది కాదు. చుట్టూ గట్టి ఇనుము మిగిలి ఉంటేనే ఆ అతుకు నిలుస్తుంది.

కాగితాలు

1988 నాటి మోటారు వాహనాల చట్టం ప్రకారం సొంత వాడుక కారు రిజిస్ట్రేషను 15 సంవత్సరాలు చెల్లుతుంది. ఆ పిదప తనిఖీ చేయించి 5 సంవత్సరాలకు ఒకసారి పొడిగించుకొనవలెను. 15 ఏళ్లకు చేరువైన కారును కొనేవాడు ఆ తనిఖీ భారాన్ని కూడ కొంటున్నాడని మరువరాదు. ఛాసిస్ నంబరును ఆర్.సి.తో అక్షరం అక్షరం పోల్చి చూడవలెను. నంబరు చెక్కిన చోట తుప్పు పట్టి అంకెలు చెరిగిపోయినా, ఆ ముక్క కోసి అతికినట్లు వెల్డింగు గీతలు కనిపించినా, పేరు మార్పిడి సమయంలో చిక్కులు తప్పవు. ఫిట్‌నెస్ పత్రం ఉన్నది గదా అని పరీక్ష మానటం కూడ తగదు. ఆ పత్రం తనిఖీ చేసిన నాటి సంగతి చెబుతుంది. మ్యాటు క్రింద నేటి సంగతి చెప్పదు.

ముగింపు

రెండు సంవత్సరాల క్రితం మా పూర్వ విద్యార్థి ఒకరు పాత డీజిల్ కారు కొనటానికి మమ్ములను తోడు రమ్మన్నారు. మేము మా మామూను కూడ వెంటబెట్టుకొని వెళ్లాము. మొదటి కారు ఇంజను అద్భుతంగా ఉన్నది; అడుగు దూలంలోనికి స్క్రూ డ్రైవరు దిగింది. రెండవ కారుకు మ్యాటు ఎత్తనీయలేదు. మూడవ కారు యజమాని తానుగా చెప్పాడు: ‘ఎడమవైపు మడ్‌గార్డు తుప్పు పట్టింది సార్, వెనక తలుపు ఒకటి మార్పించాను. కింద అంతా బాగుంది, మీరే చూసుకోండి.’ చూచాము. అతడు చెప్పినట్లే ఉన్నది. రంగు వెలసిన ఆ కారునే మా విద్యార్థి కొన్నాడు. నేటికీ దాని మీదనే అతని కుటుంబం జీవిస్తున్నది.

ఆ మూడు కార్ల వద్దా మామూ చేసిన పని ఒక్కటే. ఇంజను చప్పుడుకు చెవి ఒగ్గటానికి ముందు, అరవై ఏళ్లు దాటిన ఆ మనిషి నేల మీద తువాలు పరచి, వెల్లకిల పడుకొని, టార్చిలైటు వేసి అడుగు చూచారు.

విద్యార్థి మిత్రులారా! మీలో కొందరు రేపు కార్లు కొనేవారు; కొందరు వాటిని బాగుచేసేవారు; కొందరు అమ్మేవారు కూడ కావచ్చును. కొనేవారికి మేము చెప్పదగినది చెప్పాము. అమ్మేవారికి, రంగు వేసేవారికి ఒక్క మాట. లప్పం క్రింద దాచిన చిల్లు ఎవరో ఒకరి ఇంటి గాజులను, ఒక్కొక్కప్పుడు ప్రాణాలను కూడ తీసుకొని పోతుంది. ఉన్న తుప్పును ఉన్నట్లు చూపి అమ్మినవానికి కొంత ధర తగ్గవచ్చును గాని, ఆ మూడవ కారు యజమానిని మేము నేటికీ గౌరవంతో తలచుకొంటున్నాము.